సూది చూస్తే పడిపోయే మనిషి: ఒక బిహేవియర్ థెరపీ కేస్ స్టడీ

ఆయన నా దగ్గరికి తన కోసం రాలేదు. ఆరేళ్ల కూతురికి టీకా వేయించడానికి తీసుకెళ్లి, నర్సు సిరంజి చేతిలోకి తీసుకోగానే పాప చెయ్యి వదిలేసి బయటికి వచ్చేశారట. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. లోపల పాప ఏడుపు వినిపిస్తున్నా లేవలేకపోయారు. ఆ రాత్రి పాప అడిగిందట, "నాన్నా, సూదంటే నీక్కూడా భయమేనా? అయితే అది నిజంగానే చాలా నొప్పి పెడుతుందన్నమాట" అని. ఆ మాట నాకు చెప్పి ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

ఈ కేసు గురించి రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆయన్ని గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను. మార్చనిది థెరపీ నడిచిన తీరు, అందులో నేను చేసిన పొరపాటు.

వయసు 36. ఆఫీసు ఉద్యోగం. 14 ఏళ్లుగా రక్తపరీక్ష అన్నదే చేయించుకోలేదు. తల్లికి షుగర్ ఉంది, ఈయన బరువు పెరుగుతున్నారు. ఫిజీషియన్ ఇప్పటికి మూడుసార్లు పరీక్షలు రాసిచ్చారు. ఆ మూడు చీటీలూ పర్సులోంచి తీసి బల్ల మీద పెట్టారు. మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. "పారేయబుద్ధి కాదు మేడం, తీసుకెళ్లబుద్ధీ కాదు" అన్నారు. నేను ఆయన అనుమతితో ఫిజీషియన్‌తో మాట్లాడాను. అత్యవసరం కాదు గానీ ఇక వాయిదా వేయకూడదన్నారు. ఆ మాటతో మాకు ఒక గడువు లాంటిది ఏర్పడింది.

మొదలెప్పుడని అడిగితే పదకొండేళ్లప్పుడు సైకిల్ మీంచి పడిన సంగతి చెప్పారు. మోకాలు చీరుకుపోయింది. కుట్లు వేస్తుంటే తొంగిచూశారు. తర్వాత గుర్తున్నది, తను నేల మీద ఉండటం, చుట్టూ పెద్దవాళ్ల ముఖాలు. ఆ తర్వాత స్కూల్లో టీకాల రోజు వస్తే జ్వరమనేవారు. పెద్దయ్యాక ఇంకా విస్తరించింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడటానికి వెళ్లరు. సినిమాలో ఆపరేషన్ దృశ్యం వస్తే లేచి వెళ్లిపోతారు. ఆఫీసులో ఎవరో తమ ఆపరేషన్ గురించి చెబుతుంటే ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి నడుస్తారు.

ఇక్కడిదాకా విన్నాక నా బుర్రలో కేసు రూపం కట్టేసింది. అది పూర్తిగా తప్పు కాదు, కానీ సగమే.

ఆ సగం ఏమిటో చెబుతాను, ఎందుకంటే బిహేవియర్ థెరపీ పునాది అంతా అందులోనే ఉంది. పావ్లోవ్ కుక్కల సంగతి అందరికీ తెలిసిందే. ఆహారంతో పాటు పదేపదే వచ్చిన శబ్దానికే నోట్లో నీళ్లూరడం మొదలైంది. 1920లో వాట్సన్, రేనర్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనక పెద్ద చప్పుడు చేసి, భయాన్ని కూడా అలాగే నేర్పవచ్చని చూపించారు. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పిల్లవాడికి అంటించిన భయాన్ని వాళ్లు పోగొట్టలేదు. నాలుగేళ్ల తర్వాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ దానికి ఎదురు దారి చూపించారు. కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నపిల్లవాడు ఇష్టమైనది తింటుండగా, కుందేలును దూరం నుంచి కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. నాకు ఈ రంగం మీద గౌరవం కలిగింది ఆ పని గురించి చదివిన రోజునే.

అయితే నేర్చుకున్న భయం దానంతట అదే ఎందుకు అరిగిపోదు? 25 ఏళ్లలో సూదులు ఆయనకు చేసిన హాని ఏమీ లేదు కదా? దీనికి 1947లో మౌరర్ అనే మనస్తత్వవేత్త ఇచ్చిన జవాబు ఇప్పటికీ నా పనికి ఆధారం. భయం ఒక రకం నేర్చుకోవడం వల్ల పుడుతుంది, ఇంకో రకం నేర్చుకోవడం వల్ల నిలబడుతుంది. ఈయన ల్యాబ్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఏం జరుగుతుందో చూడండి. రెండు నిమిషాల్లో గుండె దడ తగ్గుతుంది, ఊపిరి తేలికవుతుంది. ఆ హాయే జీతం. వెనక్కి తిరగడమనే పనికి వెంటనే, నగదుగా ముట్టే జీతం. బాధ తొలగడం వల్ల ఒక పని బలపడటాన్ని నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటాం. చాలామంది దీన్ని శిక్ష అనుకుంటారు. నిజానికి శిక్ష పనిని తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది. పైగా తప్పించుకున్న ప్రతిసారీ, "ఉండిపోయి ఉంటే ఏమీ కాకపోను" అని తెలుసుకునే అవకాశం కూడా పోతుంది.

ఆయన భార్యను రెండో సెషన్‌కి పిలిచాను. ఆవిడకు ఆయన మీద కోపం లేదు, అలసట ఉంది. అపాయింట్‌మెంట్లు ఆవిడే తీసుకుంటారు, ఆయన ముఖం చూసి ఆవిడే రద్దు చేస్తారు. "పోనీలెండి, వచ్చే నెల చూద్దాం అనగానే ఆయన ముఖం ఎంత తేటపడుతుందో! ఆ ముఖం చూశాక ఇంకేం అనగలను?" అన్నారు. ఆవిడ ప్రేమ కూడా అదే లెక్కలో పడింది. ఆయన తేటపడటం ఆవిడకు జీతం. ఇద్దరూ ఒకరి తప్పించుకోవడాన్ని ఒకరు పోషిస్తున్నారు. ఇందులో తప్పెవరిదీ కాదని అప్పుడే గట్టిగా చెప్పాను. బంధువులను సెషన్‌కి పిలిచి నేరం అంటగట్టి పంపడం కంటే అసలు పిలవకపోవడం నయం.

ఇక నా పొరపాటు. ఫోబియా అనగానే నా చేతికి మొదట అందే పనిముట్టు, వోల్పే అనే మానసిక వైద్యుడు 1958లో ప్రతిపాదించిన క్రమబద్ధమైన పద్ధతి. ఒకే శరీరంలో ఆందోళన, విశ్రాంతి రెండూ ఒకే సమయంలో ఉండలేవు. కాబట్టి ముందు కండరాలను వదులు చేయడం నేర్పాలి. ఆ విధానం అంతకు చాలా ముందే జేకబ్సన్ తయారు చేసినది. ఆ వదులు స్థితిలో ఉంచి, తక్కువ భయం కలిగించే వాటి నుంచి ఎక్కువ భయం కలిగించే వాటి దాకా మెట్టు మెట్టుగా ఎక్కించాలి. రెండు సెషన్లు రిలాక్సేషన్ నేర్పాను. ఆయన చక్కగా నేర్చుకున్నారు. ఆ తర్వాతి సెషన్‌లో సిరంజి ఫొటో చూపించాను. భయాన్ని 0 నుంచి 100 దాకా ఆయనే అంకెలో చెప్పాలి. 25 అన్నారు. బాగానే ఉందనుకుని రక్తం తీస్తున్న చిన్న వీడియో పెట్టాను.

60 అన్నారు. "భుజాలు వదిలేయండి. చేతులు బరువుగా ఒదిలేయండి. ఊపిరి నెమ్మదిగా..." అని చెబుతున్నాను. ఆయన నేను చెప్పినట్టే చేస్తున్నారు. ఒక ఆవలింత వచ్చింది. నిద్రమత్తు అనుకున్నాను, రిలాక్స్ అవుతున్నారని సంతోషించాను కూడా. ముఖం తెల్లబడింది, పై పెదవి మీద చెమట బొట్లు. మరుక్షణం కుర్చీలోంచి పక్కకు జారిపోయారు. పట్టుకుని నేల మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాను. పావు నిమిషంలో కళ్లు తెరిచారు. తెరిచి అన్న మొదటి మాట: "చెప్పాను కదా మేడం."

చెప్పారు, నిజమే. మొదటి రోజు నోట్స్ తీసి చూసుకున్నాను. "అలాంటివి చూస్తే కళ్లు తిరుగుతాయి" అని ఆయన అన్న మాట ఉంది. దాని పక్కన "ఆందోళన వల్ల తల తిరిగినట్టు అనిపించడం" అని నా చేతిరాత. కళ్లు తిరుగుతాయన్న మాట మనవాళ్లు టెన్షన్‌కీ వాడతారు, ఎండలో నీరసానికీ వాడతారు, నిజంగా స్పృహ తప్పడానికీ వాడతారు. ఆయన ఏ అర్థంలో అన్నారో నేను అడగలేదు. "పడిపోతారా? ఎన్నిసార్లు పడ్డారు? పడేముందు శరీరంలో ఏమవుతుంది?" అన్న మూడు ప్రశ్నలు వేసి ఉంటే ఆ రోజు నేల మీద ఆయన్ని చూడాల్సిన అవసరం వచ్చేది కాదు. పదకొండేళ్లప్పుడు నేల మీద లేచానని ఆయన చెప్పినా దాన్ని కథలా విన్నాను తప్ప లక్షణంలా వినలేదు.

ఆ తర్వాతి సెషన్ మొత్తం అంచనాకే ఇచ్చాను. బిహేవియర్ థెరపీలో దీన్ని ఏబీసీ అంటాం: ముందు ఏం జరిగింది, ఏం చేశారు, తర్వాత ఏం దక్కింది. ఏ పద్ధతైనా దీని తర్వాతే రావాలని నేను విద్యార్థులకు చెబుతూ ఉంటాను. ఈసారి ప్రతి సంఘటననూ నిమిషం నిమిషంగా అడిగాను. ఇప్పటికి ఏడుసార్లు పడిపోయారు. ప్రతిసారీ మొదట దడ, ఒంట్లో వేడి. కొన్ని సెకన్ల తర్వాత అన్నీ తారుమారు: కడుపులో తిప్పడం, ఆవలింత, చెవుల్లో హోరు, చూపు అంచుల నుంచి నల్లబడటం. తల్లి కూడా రక్తం చూస్తే పడిపోయేదని అప్పుడే తెలిసింది.

ఫిజీషియన్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన గుండెను పరీక్షించి, వేరే కారణం ఏదీ లేదని తేల్చాక ముందుకు వెళ్లమన్నారు. ఈసారి ఆయన్ని వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి బీపీ మెషిన్ కట్టి అదే వీడియో మొదటి కొన్ని సెకన్లు చూపించాను. చూడకముందు పల్స్ 76, బీపీ 124/80. మొదలవగానే పల్స్ 98, బీపీ 138/86. వీడియో ఆపేసి మళ్లీ కొలిస్తే పల్స్ 56, బీపీ 92/54. కుర్చీ వెనక్కి వాల్చాను. ఆ కాగితం ఆయనకూ చూపించాను. చాలాసేపు ఆ అంకెలనే చూస్తూ ఉండి, "అంటే నేను పిరికివాణ్ని కాదా?" అన్నారు.

మిగతా భయాలకూ దీనికీ తేడా ఇదే. కుక్కలన్నా, ఎత్తులన్నా, లిఫ్టులన్నా భయపడే మనిషికి గుండె వేగం, బీపీ పెరుగుతాయి. బీపీ పెరిగిన మనిషి "పడిపోతానేమో" అని ఎంత హడలిపోయినా సాధారణంగా పడిపోడు. రక్తం, సూది, గాయం ఫోబియాలో రెండు దశలు ఉంటాయి. మొదట పెరుగుతాయి, వెంటనే రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. ఈ ఫోబియా ఉన్నవాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి ఇలా పడిపోయిన అనుభవం ఉంటుంది. కుటుంబాల్లో నడవడం కూడా ఇందులో మిగతా ఫోబియాల కంటే ఎక్కువ.

ఇప్పుడు నా పొరపాటు ఎంతటిదో అర్థమవుతుంది. పడిపోతున్న బీపీకి తోడు నేను కండరాలను కూడా వదిలేయించాను. జారుతున్నవాణ్ని మెల్లగా కిందికి తోసినట్టే. వోల్పే సూత్రంలో లోపం లేదు. శరీరం ఏం చేస్తోందో దానికి విరుద్ధమైన పనిని నేర్పమని ఆయన చెప్పారు. ఇక్కడ విరుద్ధమైన పని బిగించడం, నేను నేర్పింది వదలడం.

స్వీడన్‌కు చెందిన లార్స్ యోరాన్ ఓస్ట్, స్టెర్నర్ 1987లో ఈ బిగించే పద్ధతిని ఐదు సెషన్ల చికిత్సగా వివరించారు. 1991లో ఓస్ట్ బృందం దాన్నీ, బిగింపు లేకుండా భయపడేవాటిని నేరుగా ఎదుర్కోవడాన్నీ పోల్చి చూసింది. బిగించడం నేర్చుకున్నవాళ్లే ఎక్కువగా మెరుగయ్యారు. దీని ఇంగ్లీషు పేరు అప్లైడ్ టెన్షన్. నేను ఆ పేరు చెప్పగానే ఆయన మొదటిసారి నవ్వారు. "టెన్షన్ తగ్గించండని వస్తే, పెంచమంటున్నారా మేడం?" అన్నారు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా దాని పేరు "బిగింపు".

ఎలా చేయించానో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని సగం తెలిసి నేర్పేవాళ్లను చూశాను. కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. చేతులు, ఛాతీ, పొట్ట, తొడలు, కాళ్లు అన్నీ ఒక్కసారి గట్టిగా బిగించాలి. ఊపిరి బిగబట్టకూడదు. ముఖంలోకి వెచ్చదనం ఎక్కుతున్నట్టు అనిపించేదాకా, అంటే 10 నుంచి 15 సెకన్లు, పట్టి ఉంచాలి. తర్వాత వదలాలి, కానీ మామూలుగా కూర్చునే స్థితికే రావాలి. పూర్తిగా వాలిపోకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: వదలమనగానే రిలాక్స్ అయిపోతారు, బీపీ మళ్లీ దిగుతుంది. 20 నుంచి 30 సెకన్లు ఆగి మళ్లీ బిగించాలి. ఇలా ఐదు విడతలు కలిస్తే ఒక సాధన. రోజుకు ఐదు సాధనలు. అధిక రక్తపోటు, గుండె జబ్బు, గర్భం, కంటి లోపల ఒత్తిడి లాంటివి ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఇది మొదలుపెట్టకూడదు. మొదటి రోజు బీపీ మెషిన్ కట్టే బిగింపు చేయించాను. 122 నుంచి 141కి వెళ్లింది. ఆ అంకె చేసిన పని నా పది మాటలు చేయలేవు. తన బీపీని తనే పెంచగలనని ఆయన కళ్లతో చూశారు.

రోజుకు ఐదుసార్లంటే మాటలా? మొదటి వారం సగటున రెండే చేశారు. గుర్తుండటం లేదన్నారు. గుర్తుండకపోవడాన్ని బద్ధకమని తిట్టుకోవడం ఆయన అలవాటు. నేను ప్రిమాక్ అనే మనస్తత్వవేత్త చెప్పిన సూత్రం వాడాను: మనిషి ఎలాగూ చేసే పనిని, చేయని పని వెనక కట్టాలి. ఆయన రోజూ తప్పకుండా చేసేది ఫోన్ తీసి మెసేజ్‌లు చూడటం. పొద్దున, ఆఫీసుకు చేరాక, మధ్యాహ్నం, ఇంటికొచ్చాక, పడుకునేముందు, ఈ ఐదుసార్లూ బిగింపు అయ్యాకే ఫోన్ అని ఒప్పందం రాసుకున్నాం. దానికి తోడు గోడ మీద ఒక చార్ట్. రోజుకు ఐదూ పూర్తయితే పాప ఒక నక్షత్రం స్టిక్కర్ అంటిస్తుంది. ఇది పాప ఆలోచనే. 1960ల్లో మానసిక ఆసుపత్రి వార్డుల్లో టోకెన్లతో చేసిన పనికి ఇది ఇంటి రూపం. నాన్న రోజూ తన భయం మీద పని చేస్తున్నాడని పాప చూస్తోంది. ఆ చూడటం విలువ స్టిక్కర్ విలువ కంటే చాలా ఎక్కువని నేను నమ్మాను. రెండో వారం సగటు నాలుగున్నర.

అప్పుడు మెట్లు కట్టుకున్నాం. ఆయన చేతే చీటీల మీద రాయించి, అంకెలు వేయించి, వరసలో పెట్టించాను. సిరంజి బొమ్మ 20. ప్యాక్ చేసిన సిరంజి చేతిలో పట్టుకోవడం 35. వీడియో 60. వేలిని గుచ్చే చిన్న లాన్సెట్‌తో నేను గుచ్చుకుంటుంటే చూడటం 65. తనే గుచ్చుకోవడం 80. ల్యాబ్‌లో రక్తం ఇవ్వడం 95. కూతురికి టీకా వేస్తుంటే చెయ్యి పట్టుకుని నిలబడటం 100. తన రక్తం కంటే పాప నొప్పి పైమెట్టు కావడం చూసి నేను ఏమీ అనలేదు, ఆయన వేసిన వరసే ఉంచాను.

ప్రతి మెట్టు దగ్గరా ఒకటే పని: ముందస్తు లక్షణం కనిపించగానే బిగించడం. ఆయనకు అది ఆవలింత. అది మాకు గంటలా పనికొచ్చింది. ఆవలింత రాగానే బిగింపు, ముఖానికి రంగు తిరిగొచ్చేదాకా. చూపు తిప్పుకోకూడదు. బిగింపు మొదలుపెట్టాక ఐదో సెషన్‌లో పాత వీడియోను పదకొండుసార్లు చూశారు. మొదటిసారి 65, చివరిసారి 20. ఒక్కసారి కూడా పడిపోలేదు. ఒకే సీను పదకొండుసార్లు చూడటం విసుగు అనిపించవచ్చు. ఆ విసుగే మాకు కావలసింది. భయపెట్టిన వస్తువు విసుగెత్తించే వస్తువుగా మారడాన్ని దగ్గరుండి చూడటం నా వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం.

ఆరో సెషన్‌లో నా వేలికి నేనే లాన్సెట్ గుచ్చుకున్నాను. మనస్తత్వవేత్త బండూరా, ఆయన సహచరులు 1969లో పాములంటే భయపడేవాళ్లతో చేసిన పరిశోధనలో, చూపించి, పక్కనుండి చేయించడం మిగతా పద్ధతుల కంటే బాగా పనిచేసింది. చెప్పడం వేరు, చేసి చూపించడం వేరు. నేను మామూలుగా మాట్లాడుతూనే గుచ్చుకుని, రక్తపు బొట్టు తుడుచుకుని, మాట కొనసాగించాను. తర్వాత ఆయన. చేతికి తొడుగు వేసుకుని నేను ఆయన వేలు పట్టుకున్నాను, నొక్కింది ఆయనే. 80 అనుకున్నది 55 దగ్గరే ఆగింది. "ఇంతేనా?" అన్నారు. ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో ఆయనకు తెలియదు.

ఆ ఉత్సాహంలో నేను ఇంకో తొందరపాటు చేశాను. తర్వాతి వారం నేరుగా ల్యాబ్‌కి వెళ్దామన్నాను. సరేనన్నారు. ఆ రోజు ఉదయం "ఆఫీసులో పని పడింది" అని మెసేజ్. అది తప్పించుకోవడమని చదవగానే తెలిసింది, మెట్టు ఎత్తుగా వేసింది నేనేనని కూడా తెలిసింది. 55 నుంచి 95కి ఒకే అడుగు వేయమన్నాను. అదే రోజు సాయంత్రానికి ఆయన్ని పిలిచి, మధ్యలో మూడు మెట్లు చేర్చాం. ల్యాబ్‌లో ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుని రావడం. చేతికి రబ్బరు పట్టీ కట్టించుకుని, రక్తం ఇవ్వకుండానే విప్పించుకోవడం. ఒక చెయ్యి పూర్తిగా వదులుగా పెట్టి మిగతా ఒళ్లంతా బిగించడం. ఈ మూడోది అవసరం, ఎందుకంటే చెయ్యి బిగిసి ఉంటే సూది గుచ్చడం కష్టం, నొప్పీ ఎక్కువ.

ఇంట్లో కూడా ఒక మార్పు జరిగింది. ల్యాబ్ రోజు దగ్గరపడే కొద్దీ ఆయన అడిగే ప్రశ్నలు పెరిగాయి. "ఏమీ కాదు కదా? వాయిదా వేస్తే నష్టమేమైనా ఉందా?" అని రోజుకు పదిసార్లు. భార్య ఇక ఓదార్చకుండా, "బిగింపు చేశారా?" అని మాత్రమే అడగాలని అనుకున్నాం. మొదటి నాలుగు రోజులు అడగడం రెట్టింపయింది, ఒక రాత్రి కోపం కూడా వచ్చింది. ఇది ముందే చెప్పి ఉంచాను. ఇన్నాళ్లూ దొరికింది ఒక్కసారిగా ఆగితే, అది మానే ముందు ఒకసారి ఉవ్వెత్తున లేస్తుంది. అప్పుడు లొంగితే అంతకుముందు కంటే గట్టిపడుతుంది, ఎందుకంటే అప్పుడప్పుడు మాత్రమే దొరికే ఫలితం వెనక పడిన అలవాటే అన్నిటికన్నా మొండిది. మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాలతో చేసిన పనిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఆవిడ లొంగలేదు. ఈ కేసులో నేను ఆవిడకు ఇచ్చిన మార్కులు నాకు నేను ఇచ్చుకున్న వాటికన్నా ఎక్కువ.

తొమ్మిదో వారంలో రక్తం ఇచ్చారు. మొదట పడుకుని ఇద్దామనుకున్నాం, అక్కడికి వెళ్లాక కూర్చునే ఇస్తానన్నారు. నేను పక్కనున్నాను, కానీ మాట్లాడలేదు. సూది దిగుతుంటే చూశారు. ఒక ఆవలింత, వెంటనే కాళ్లూ పొట్టా బిగించారు. ముఖం రంగు మారలేదు. ఎంత అని వేళ్లతో అడిగితే నాలుగు వేళ్లు చూపించారు. 40.

రిపోర్టులో షుగర్ ఎక్కువే వచ్చింది. ఆ రోజు ఆయన దిగులుపడ్డారు, నేనూ బాధపడ్డాను. ఫిజీషియన్ మందు మొదలుపెట్టి, ఇంట్లో వేలిని గుచ్చుకుని చూసుకోమన్నారు. 14 ఏళ్లుగా ఆగి ఉన్న పరీక్ష అది, ఇంకొన్నేళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఇంకొక సంగతి కూడా ఉంది. నేర్చుకున్నది నిలవాలంటే భయం వస్తువు మళ్లీ మళ్లీ ఎదురుకావాలి, వేర్వేరు చోట్ల ఎదురుకావాలి. ఆ వేలి పరీక్ష రూపంలో ఆయన చికిత్స ఇంట్లో కొనసాగింది.

పాప తర్వాతి టీకాకు నేను వెళ్లలేదు. అది వాళ్లిద్దరి రోజు. ఆయన పంపిన మెసేజ్‌లో రెండే వాక్యాలు: "చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి బిగించాం, తన ఎడమ చెయ్యి తప్ప." పాప ఏడ్చిందట, కానీ పారిపోలేదు. పాపకు బిగింపు నేను నేర్పలేదు, చూసి నేర్చుకుంది.

ఐదో నెలలో ఫోన్ వచ్చింది. గొంతులో పాత వణుకు. స్నేహితుణ్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్తే, సెలైన్ గొట్టంలోకి రక్తం వెనక్కి ఎక్కడం చూసి కళ్లు తిరిగి కింద కూర్చున్నారట. "అంతా మొదటికొచ్చింది మేడం." మొదటికి రాలేదు. ఆరిపోయిందనుకున్న స్పందన కొంతకాలం తర్వాత తిరిగి తలెత్తడం పావ్లోవే గమనించారు. కొత్త స్థలంలో, కొత్త సందర్భంలో అది ఇంకా సులువుగా తలెత్తుతుంది. ఎక్స్‌పోజర్, అంటే భయపడేదాన్ని నేరుగా ఎదుర్కోవడం, పాత భయాన్ని తుడిచెయ్యదు, దాని పక్కన కొత్త పాఠం రాస్తుంది. ఏ గదిలో పాఠం రాశామో ఆ గదిలో అది ముందుగా గుర్తొస్తుంది. మా పని అంతా నా గదిలో, ఒక ల్యాబ్‌లో జరిగింది. ఆసుపత్రి వార్డు మా మెట్లలో లేనే లేదు. అది ప్రణాళికలో నా లోటు. ఒక సెషన్ కలిసి, రెండు వారాల్లో నాలుగుసార్లు వేర్వేరు వార్డులకు వెళ్లే హోంవర్క్ ఇచ్చాను. అన్నట్టు, ఆ రోజు ఆయన కింద కూర్చున్నారే గానీ స్పృహ తప్పలేదు. కూర్చునే బిగించారట. ఆ సంగతి ఆయన చివర్లో, నేను అడిగితేనే చెప్పారు.

ఏడాది తర్వాత చూసినప్పుడు, రక్తం ఇవ్వడానికి వేసుకున్న అంకె 15. ఆపరేషన్ వీడియోలు ఇప్పటికీ చూడరు, అది మేం లక్ష్యంగా పెట్టుకోలేదు. జ్ఞానదంతం తీయించుకోవాలని డెంటిస్ట్ చెప్పారట. నోరు తెరిచి, దవడ వదులుగా ఉంచి, నడుము కింద మాత్రమే బిగించడం ఆ రోజు కుర్చీ వెనక్కి వాల్చి అరగంట సాధన చేశాం. పంటికి ఇంజెక్షన్ అనే చీటీ మీద ఆయన 70 అని రాశారు.